చిన్న ఊరటల శరీరధర్మం

జీవితంలోని ఒత్తిడిని కొలవాలనుకున్న శాస్త్రజ్ఞులు చాలాకాలం పెద్ద సంఘటనల వైపే చూశారు. 1967లో అమెరికా మానసిక వైద్యులు థామస్ హోమ్స్, రిచర్డ్ రాహే 43 జీవిత ఘటనలతో ఒక పట్టిక తయారుచేసి, జీవిత భాగస్వామి మరణానికి 100, ఇల్లు మారడానికి 20, చదివే చోటు మారడానికి మరో 20 అంటూ ఒక్కొక్కదానికి విలువ కట్టి, కొద్దికాలంలో ఎవరి మొత్తం ఎంత పెరిగితే వారు జబ్బుపడే అవకాశం అంత పెరుగుతుందని ప్రతిపాదించారు. తిండి అలవాట్లు మారడం, నిద్రవేళలు మారడం, అప్పు చేయడం కూడా ఆ పట్టికలో ఉన్నాయి. ఈ లెక్కన హైదరాబాదులోనో విజయవాడలోనో ఇంజనీరింగు ముగించి, బ్యాంకు రుణం తీసుకుని, ఎం.ఎస్. చదువుకోసం టెక్సాస్‌కో మిస్సోరీకో వెళ్లే విద్యార్థి విమానం దిగేసరికే పట్టికలోని అరడజను వరుసలను దాటి ఉంటారు. 2023–24 విద్యా సంవత్సరంలో అమెరికాలో చదువుతున్న భారతీయ విద్యార్థుల సంఖ్య 3,31,602. ఆ ఏడు అక్కడి విదేశీ విద్యార్థుల్లో అతి పెద్ద సమూహం వారిదే, అందులో తెలుగువారు గణనీయంగా ఉంటారన్నది అక్కడి ఏ పెద్ద క్యాంపస్‌ను చూసినా తెలిసే సంగతి.

అయితే 1981లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం (బర్క్‌లీ) పరిశోధకులు అలెన్ కానర్, రిచర్డ్ లాజరస్, వారి సహచరులు ఈ పద్ధతిని తిరగేశారు. వారు 117 రోజువారీ చికాకులతో ఒక జాబితాను, 135 రోజువారీ ఊరటలతో మరొక జాబితాను తయారుచేసి, నడివయసు వారు 100 మందిని నెలల తరబడి అడిగి చూడగా, మానసిక అనారోగ్య లక్షణాలను ముందుగా పసిగట్టడంలో పెద్ద సంఘటనలకంటే చిన్న చికాకుల లెక్కే మెరుగైన సూచిక అని తేలింది. పరాయి దేశంలో విద్యార్థిని కుంగదీసేది కూడా ‘నేను దేశం విడిచి వచ్చాను’ అన్న ఒక్క పెద్ద భావన కంటే, బస్సు తప్పిపోవడం, బట్టలు ఉతికే యంత్రానికి చిల్లర నాణేలు లేకపోవడం, ప్రొఫెసరు యాస అందకపోవడం, రూమ్మేటు గిన్నెలు తోమకపోవడం వంటివి ఒకదానిమీద ఒకటి పేరుకోవడమే. ఊరటల విషయంలో మాత్రం ఫలితం అంత సూటిగా రాలేదు. స్త్రీలలో ఊరటలు ఎక్కువగా ఉన్నచోట అనారోగ్య లక్షణాలూ ఎక్కువగానే కనిపించాయి, పురుషుల్లో అలాంటి సంబంధం కనబడలేదు. అంటే హాయిగా అనిపించిన ప్రతిదీ శరీరానికి ఊరట కాదు. ఏది ఊరట, అది ఏ దారిన పనిచేస్తుంది అన్న ప్రశ్నకు సమాధానం కావాలంటే ముందు ఒత్తిడి యంత్రాంగం తెలియాలి.

1936లో మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న హాన్స్ సెల్యే, ఎలుకలను చలిలో ఉంచినా, గాయపరిచినా, మోతాదు మించి మందులు ఎక్కించినా, అతిగా పరుగెత్తించినా వాటి శరీరంలో ఒకే తీరు మార్పులు వస్తున్నాయని ప్రకటించారు: మూత్రపిండాల పైన టోపీల్లా ఉండే అధివృక్క గ్రంథులు ఉబ్బుతాయి, రోగనిరోధకతకు అవసరమైన థైమస్ గ్రంథి కుంచించుకుపోతుంది, జీర్ణాశయంలో పుండ్లు పడతాయి. ఇప్పుడు ఆ దారి స్పష్టంగా తెలుసు. మెదడు అడుగున ఉండే హైపోథాలమస్ ఒక రసాయన సంకేతం పంపితే పీయూష గ్రంథి మరొక హార్మోనును రక్తంలోకి వదులుతుంది, దానితో అధివృక్క గ్రంథులు కార్టిసాల్ అనే హార్మోనును స్రవిస్తాయి. కార్టిసాల్ శత్రువేమీ కాదు. తెల్లవారుజామున దాని మోతాదు సహజంగానే పెరిగి మనిషిని నిద్రలేపి పనికి సిద్ధం చేస్తుంది, ఆపద వేళ రక్తంలో చక్కెరను పెంచి కండరాలకు, మెదడుకు ఇంధనం అందిస్తుంది. ఆపద తొలగాక కూడా అది తగ్గకపోవడంతోనే చిక్కు మొదలవుతుంది. నెలల తరబడి ఇలా మోగుతూ ఉండే హెచ్చరిక వల్ల శరీరంలో కలిగే అరుగుదలకు నాడీశాస్త్రజ్ఞుడు బ్రూస్ మెక్‌యూవెన్, ఎలియట్ స్టెల్లార్‌తో కలిసి 1993లో ‘అలోస్టాటిక్ భారం’ అని పేరు పెట్టారు. నిలకడను కాపాడుకోవడానికి శరీరం చెల్లిస్తూ పోయే మూల్యం అని దాని తాత్పర్యం.

ఆ హెచ్చరికను అతిగా మోగించేది కష్టం పరిమాణమా, మరొకటా? న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో జే వైస్ 1960ల చివర, 1970ల మొదట్లో చేసిన ప్రయోగాలు దీనికి చక్కని జవాబు ఇచ్చాయి. రెండు ఎలుకలకు ఒకే బలం, ఒకే సంఖ్యలో విద్యుత్ ఘాతాలు ఇస్తూ, ఒకదానికి మాత్రం ప్రతి ఘాతానికి ముందు ఒక శబ్దం వినిపించేలా ఏర్పాటు చేస్తే, శబ్దం విన్న ఎలుకకు పుండ్లు చాలా తక్కువ పడ్డాయి, ఘాతం ఎప్పుడు తగులుతుందో తెలియని ఎలుకకు చాలా ఎక్కువ పడ్డాయి. బాధ ఒక్కటే, తేడా ముందు తెలియడంలో ఉంది. 2016లో లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు మనుషులతో దీనికి దగ్గరి ప్రయోగం చేశారు. తెరమీద కనిపించే రాళ్ల కింద పాము ఉందో లేదో ఊహించాలి, ఉంటే చేతికి నొప్పెట్టే చిన్న విద్యుత్ ఘాతం తగులుతుంది. కంటిపాప వెడల్పు, చెమట కొలిచి చూస్తే, ఘాతం తప్పదని తెలిసినప్పటికంటే తగిలే అవకాశం సరిగ్గా సగం ఉన్నప్పుడే వారి ఒత్తిడి పతాక స్థాయికి చేరింది. చెడ్డ వార్త ఖాయమని తెలిసినవాడి కంటే, వస్తుందో రాదో తెలియనివాడే ఎక్కువ అలసిపోతాడన్నమాట.

విదేశీ విద్యార్థి జీవితాన్ని ఈ వెలుగులో చూస్తే అది మొదటినుంచి చివరిదాకా సగం సగం సంభావ్యతల వరుసగా కనిపిస్తుంది. వీసా ఇంటర్వ్యూలో ఆమోదమా తిరస్కారమా, క్యాంపస్‌లో వారానికి ఇరవై గంటలకు మించని ఉద్యోగం దొరుకుతుందా, ఇంటర్న్‌షిప్‌కు పంపిన దరఖాస్తుల్లో ఒక్కదానికైనా మెయిల్ వస్తుందా, చదువు ముగిశాక దక్కే 12 నెలల ఓపీటీ (ఉద్యోగ శిక్షణ అనుమతి), సాంకేతిక విద్యార్థులకు అదనంగా వచ్చే 24 నెలలు ముగిసేలోగా, ఏడాదికి 85,000 మాత్రమే ఉండే హెచ్-1బి ఉద్యోగ వీసాల లాటరీలో పేరు తగులుతుందా? వీటిలో దేనికీ ముందుగా మోగే గంట లేదు. చిలుకూరు బాలాజీ ఆలయంలో కోరిక చెప్పుకుని 11 ప్రదక్షిణలు, తీరాక 108 ప్రదక్షిణలు చేసే వీసా అభ్యర్థులను చూసి నవ్వేవారు, 1925లో మానవశాస్త్రజ్ఞుడు బ్రోనిస్లా మాలినోవ్‌స్కీ రాసిన సంగతిని గుర్తుచేసుకోవచ్చు: పసిఫిక్‌లోని ట్రోబ్రియాండ్ ద్వీపవాసులు ప్రశాంతమైన కయ్యల్లో చేపలు పట్టేటప్పుడు ఏ తంతూ జరపరు, ఏమవుతుందో తెలియని నడిసముద్రంలోకి వెళ్లేటప్పుడే మంత్రతంత్రాలు జరుపుతారు. ప్రదక్షిణలతో కాన్సులేటు అధికారి నిర్ణయం మారదు గాని, ఎన్ని చుట్లు తిరగాలో, ఎప్పుడు పూర్తవుతుందో నిక్కచ్చిగా తెలిసిన ఒక పని ఆ రోజుల్లో ఆ మనిషి చేతిలో ఉంటుంది. చిన్న ఊరటల రహస్యం చాలావరకు ఇక్కడే ఉంది. వాటి విలువ తీపిలో కంటే, తరువాత ఏం జరుగుతుందో ముందే తెలిసి ఉండటంలో ఎక్కువ.

ఈ ఊరటల అవసరం ఏ దశలో ఎక్కువ అన్నదానిపై కూడా పాత అభిప్రాయం ఒకటి మారింది. అమెరికాలో ఉండి వచ్చిన నార్వే విద్యావంతులను అధ్యయనం చేసి స్వెర్రె లిస్‌గార్డ్ 1955లో, కొత్త దేశంలో మొదట ఉత్సాహం, మధ్యలో కుంగుబాటు, చివర సర్దుబాటు ఉంటాయని సూచించారు. న్యూజీలాండ్‌కు వచ్చిన జపాన్ విద్యార్థులను దిగిన వెంటనే మొదలుపెట్టి ఏడాదిపాటు వెంబడించి గమనించిన కొలీన్ వార్డ్ బృందం 1998లో ఇందుకు భిన్నమైన ఫలితాన్ని చూపింది: ఇబ్బంది అన్నింటికంటే ఎక్కువగా ఉన్నది దిగిన తొలి రోజుల్లోనే, తరువాత అది తగ్గుతూ వచ్చింది. మొదటి నెలలో విమానాశ్రయం ఫోటోలూ మంచు ఫోటోలూ చూసి బంధువులు ఊహించుకునే ఆనందానికీ, అదే నెలలో శరీరం లోపల జరుగుతున్నదానికీ పొంతన ఉండకపోవచ్చు.

ఇక ఊరటల్లోకెల్లా బలమైనది వంటగదిలో ఉంది. చూపు, వినికిడి, స్పర్శ మెదడు పైపొరను చేరేముందు థాలమస్ అనే మజిలీలో ఆగి, అక్కడినుంచి పంపిణీ అవుతాయి. వాసనకు ఆ ఆపుదల లేదు. ముక్కు పైకప్పులోని నాడీకణాలు పట్టిన సంకేతం ఘ్రాణ లంబిక గుండా, భయానికీ భావోద్వేగానికీ కేంద్రమైన ఎమిగ్డలాను నేరుగా తాకుతుంది, జ్ఞాపకాలను కూర్చే హిప్పోకాంపస్ కూడా అక్కడికి అడుగు దూరంలోనే ఉంటుంది. వాసన గ్రాహకాల జన్యు కుటుంబాన్ని 1991లో లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్ కనుగొని 2004లో నోబెల్ బహుమతి అందుకున్నారు; మనిషిలో పనిచేసే గ్రాహక రకాలు సుమారు 400. మాటలతోనో బొమ్మలతోనో తట్టిలేపిన జ్ఞాపకాలు ఎక్కువగా యౌవనానికి చెందినవైతే, వాసనతో లేచేవి తరచు జీవితపు మొదటి పదేళ్లవని మనోవిజ్ఞాన పరీక్షల్లో కనబడింది. డెంటన్‌లోనో కాన్సస్ సిటీలోనో ఒక అపార్ట్‌మెంటులో చారుకు పోపు పడగానే ఇరవై మూడేళ్ల మనిషి ఒక్క క్షణం బడినుంచి వచ్చిన పిల్లవాడు కావడం వెనుక ఉన్న నాడీమార్గం ఇది.

ఆ పోపును కాస్త దగ్గరగా చూడవలసిందే. నూనె బాగా కాగాక ఆవాలు వేస్తే గింజలోని తేమ ఆవిరై పెంకును చీల్చుకుని చిటపటలాడుతుంది, కరివేపాకు వేసిన క్షణంలో ఆకులోని నీరు ఒక్కసారి ఆవిరై చిమ్ముతుంది, గంధకం కలిసిన సమ్మేళనాలతో పచ్చిగా ముక్కు మూసుకునేలా ఉండే ఇంగువ వేడి నూనెలో ఉల్లి, వెల్లుల్లి గుర్తుచేసే కమ్మదనంగా మారుతుంది. ఎండుమిరపకాయ కాస్త మాడితే అందులోని కాప్సైసిన్ గాలిలో తేలి, వేడినీ మంటనూ పట్టే గ్రాహకాలను గొంతులో తట్టి దగ్గు తెప్పిస్తుంది. ఆ గ్రాహకాన్ని 1997లో గుర్తించిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ లభించింది. సరిగ్గా ఈ ఘట్టంలోనే అమెరికా వంటిళ్లలో పైకప్పునున్న పొగ హెచ్చరిక యంత్రం కూయడం మొదలుపెడుతుంది. ఇలాంటి యంత్రాల్లో ఒక రకం, అమెరీషియం-241 అనే రేడియోధార్మిక మూలకపు రేణువుతో లోపలి గాలిని విద్యుదావేశితం చేసి, అందులో పారే సన్నని కరెంటు తగ్గితే పొగ వచ్చిందని నిర్ణయిస్తుంది. నూనె తుంపరలు కూడా ఆ కరెంటును తగ్గించగలవు గనుక పోపుకూ ఇల్లు అంటుకోవడానికీ తేడా దానికి తెలియదు. గడ్డకట్టే చలిలో కిటికీలు బార్లా తెరిచి, ఒకరు కుర్చీ ఎక్కి తువ్వాలుతో విసరుతుంటే మరొకరు మూకుడు మీద మూత పెట్టడం తెలుగు విద్యార్థుల గదుల్లో తెలిసిన దృశ్యమే. కోటుకు వాసన పట్టకుండా పడకగది అలమరలో పెట్టి తలుపు మూశాకే పోపు వేయాలన్నది సీనియర్లు జూనియర్లకు చెప్పే తొలి పాఠాల్లో ఒకటి. వాసనలో కొంతసేపు ఉంటే ముక్కు దానికి అలవాటుపడి పసిగట్టడం మానేస్తుంది కాబట్టి, తరగతిలో పక్కన కూర్చున్నవారికి తెలిసినది కోటు వేసుకున్నవారికి తెలియదు.

ఇంటి తిండి నిజంగా మనసును బాగుచేస్తుందా అన్న విషయంలో శాస్త్రం ఒక్క గొంతుతో మాట్లాడటం లేదు. 2011లో జోర్డన్ ట్రోయిసీ, షిరా గేబ్రియల్ ప్రచురించిన అధ్యయనంలో, ఇష్టమైన ఊరట భోజనం అయినవారితో ముడిపడిన భావాలను మేల్కొల్పుతుందనీ, ఒంటరితనపు భావనను తగ్గించడంలో తోడ్పడుతుందనీ తేలింది. 2014లో ట్రేసీ మాన్ బృందం, దిగులు పుట్టించే దృశ్యాలు చూపించి కొందరికి వారికి ఊరటనిచ్చే ఆహారం, కొందరికి వేరే ఆహారం పెట్టి, కొందరికి ఏమీ పెట్టకుండా చూస్తే, కాసేపటికి అందరి మనసూ దాదాపు ఒకే తీరున కుదుటపడింది. ఈ రెండింటినీ పక్కపక్కన పెడితే కనబడేది పరస్పర విరోధం కాదు. పళ్లెంలోని పదార్థానికి మందు గుణం లేదు, దాని వెనుక ఉన్న మనుషుల జ్ఞాపకానికి ఉంది. ఒంటరిగా లాప్‌టాప్ ముందు తిన్న బిర్యానీ పొట్లం కంటే, నలుగురు రూమ్మేట్లు వంతులు వేసుకుని వండిన పప్పు, ఎవరి ఇంటినుంచో 23 కిలోల పెట్టెలో గట్టిగా సీలు వేయించుకుని వచ్చిన ఆవకాయ ఎక్కువ పనిచేయడానికి ఇదే కారణం కావచ్చు.

తినడం కంటే చేయడం ఇంకా గట్టి ఊరట. ఇందుకు పెరుగు తోడుపెట్టడాన్ని మించిన ఉదాహరణ లేదు. గోరువెచ్చని పాలలో చెంచాడు పాత పెరుగు కలిపితే అందులోని లాక్టిక్ ఆమ్ల బ్యాక్టీరియా పాలలోని చక్కెరను ఆమ్లంగా మారుస్తుంది, ఆమ్లత పెరిగి పీహెచ్ 4.6 దగ్గరకు వచ్చేసరికి కేసిన్ అనే మాంసకృత్తు రేణువులు ఒకదానికొకటి అల్లుకుని పాలు గడ్డకడతాయి. గుంటూరు వేసవిలో గిన్నెమీద మూత పెడితే చాలు. బయట మంచు కురుస్తూ గదిలో థర్మోస్టాట్ 20 డిగ్రీల దగ్గర ఉన్న డిసెంబరు రాత్రి ఆ బ్యాక్టీరియా మందకొడిగా పనిచేసి, పొద్దుటికి గిన్నెలో పాలు పాలలాగే ఉంటాయి. అందుకని విద్యార్థులు ఓవెన్ వెలిగించకుండా అందులోని దీపం మాత్రం వేసి గిన్నెను లోపల పెడతారు, ఆ చిన్న బల్బు వేడి మూసిన పెట్టెలో పోగై పెరుగుకు సరిపోతుంది. ఇడ్లీ పిండి పొంగడానికీ ఇదే ఉపాయం. తోడుకు పెరుగు దొరకనివారు పచ్చిమిరపకాయ తొడిమలు వేసి చూస్తారు, కాస్త ఓపిక ఉంటే అదీ పారుతుంది. దుకాణంలో దొరికే సాదా పెరుగు డబ్బామీద సజీవ బ్యాక్టీరియా ఉందని రాసి ఉంటే ఇంకా సులువు. రేపటి ఇంటర్వ్యూ ఫలితం ఎలా ఉంటుందో తెలియని విద్యార్థికి రేపటి పెరుగు ఎలా ఉంటుందో తెలుసు. కుదరకపోతే ఎందుకు కుదరలేదో తెలుసు, మరునాడు ఏం మార్చాలో కూడా తెలుసు. వైస్ ఎలుకకు వినిపించిన శబ్దం లాంటిదే ఇది, పైగా ఇక్కడ నియంత్రణ కూడా విద్యార్థి చేతిలోనే ఉంది.

ఇలాంటి పనులకు చికిత్సాశాస్త్రంలో గౌరవప్రదమైన స్థానం ఉంది. 1970లలో మనోవిజ్ఞానవేత్త పీటర్ లూయిన్‌సన్, కుంగుబాటులో ఉన్నవారు సంతోషాన్నిచ్చే పనులు మానేయడం, మానేసినందువల్ల మరింత కుంగడం అనే సుడిని గుర్తించి, ఉత్సాహం వచ్చాక పని మొదలుపెట్టడం కాక, పని మొదలుపెట్టి ఉత్సాహాన్ని రప్పించాలని వాదించారు. దానినుంచి ఎదిగిన చికిత్సలో రోగి వారానికి చేయవలసిన చిన్న పనులను వేళతో సహా రాసుకుంటారు. ఆ పనుల్లో కొన్ని ఆనందం కోసం, కొన్ని ‘ఇది నాకు చేతనవును’ అన్న భావన కోసం ఉంటాయి. పెరుగు తోడుపెట్టడం రెండు కోవల్లోనూ పడుతుంది.

వంటింటి తరువాత గొంతు. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో లెస్లీ సెల్ట్‌జర్ బృందం 2010లో, ఏడు నుంచి పన్నెండేళ్ల బాలికల చేత అపరిచితుల ముందు ఉపన్యాసం ఇప్పించి, లెక్కలు చేయించి, ఆ వెంటనే కొందరిని తల్లి ఒడికి చేర్చారు, కొందరిని ఫోనులో తల్లితో మాట్లాడించారు, కొందరికి సినిమా చూపించారు. ఫోనులో గొంతు విన్న పిల్లల్లో కూడా కౌగిలి అందుకున్న పిల్లల్లో లాగే ఆక్సిటోసిన్ అనే హార్మోను పెరిగింది, కార్టిసాల్ తగ్గింది. రెండేళ్ల తరువాత అదే బృందం తల్లితో సందేశాలు మాత్రం రాయించి చూస్తే ఆ మార్పు రాలేదు. పిల్లలపై చేసిన ప్రయోగాన్ని యథాతథంగా పెద్దలకు అన్వయించకూడదు గాని, మాటల్లోని సమాచారం కంటే పలికే తీరు, విరుపు, లయ శరీరానికి ఎక్కువ చెబుతాయన్నది ఒప్పుకోదగ్గ మాటే. టెక్సాస్‌లో శీతాకాలం రాత్రి తొమ్మిదైతే ఆంధ్ర, తెలంగాణల్లో మరునాడు ఉదయం ఎనిమిదిన్నర. “ఏం తిన్నావు నాన్నా?” అన్న ఆ పూట ప్రశ్నలో కొత్త సంగతి ఏమీ లేదు, ఉండనవసరమూ లేదు. నవంబరు మొదటి ఆదివారం అమెరికా గడియారాలు గంట వెనక్కి జరగడంతో ఈ వేళ తారుమారైనప్పుడు ఫోను ఎత్తకపోతే రెండువైపులా కంగారు మొదలవడానికి కారణం, రోజూ ఒకే వేళకు జరిగేది ఆ వేళకు జరగకపోవడమే.

అదే ఫోను ఊరట కాకుండా పోయే సందర్భమూ ఉంది. 2004లో సాలీ డికర్సన్, మార్గరెట్ కెమెనీ 208 ప్రయోగశాలా అధ్యయనాలను కలిపి పరిశీలించి, కార్టిసాల్‌ను అన్నింటికంటే ఎక్కువగా పెంచేది ఇతరులు తమను తూకం వేస్తున్నారన్న భావనా, పరిస్థితి తమ చేతిలో లేకపోవడమూ కలిసినప్పుడని చూపారు. ఫోను అమ్మ చేతినుంచి బాబాయి చేతికి, అక్కడినుంచి పెళ్లిపందిట్లో కూర్చున్న పదిమంది చేతికీ మారి, “ఉద్యోగం వచ్చిందా? పక్కింటివాళ్ల అబ్బాయికి వచ్చిందటగా?” అన్న ప్రశ్నలు మొదలైతే, ఆ సంభాషణ సెల్ట్‌జర్ ప్రయోగంలోని తల్లి గొంతు కంటే అపరిచితుల ముందు ఉపన్యాసానికే దగ్గరవుతుంది. “అంతా బాగానే ఉందమ్మా” అని ముగించి విద్యార్థి ఫోను పెట్టేస్తారు. ఇంట్లోవారు ఈ ఒక్క తేడా తెలుసుకుంటే పిల్లలకు పంపే పచ్చళ్లకంటే పెద్ద మేలు చేసినవారవుతారు.

వెలుతురు సంగతి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. డిసెంబరు చివర హైదరాబాదులో పగలు పదకొండు గంటలకు పైగా ఉంటే, షికాగోలో తొమ్మిది గంటలు కాస్త పైన, తెలుగు విద్యార్థులు వెళ్లే మరో దేశమైన బ్రిటన్‌లోని ఎడిన్‌బరోలో ఏడు గంటలే. నేత్రపటలంలో దృశ్యాలను చూడటానికి కాక, కేవలం వెలుతురు మోతాదును మెదడులోని గడియారానికి చేరవేయడానికే ప్రధానంగా పనిచేసే కణాలున్నాయని 2002లో తేలింది. గదిలోని దీపాల వెలుగు కొన్ని వందల లక్స్ మాత్రమే. మబ్బు పట్టిన రోజున కూడా ఆరుబయట అది వేలల్లో ఉంటుంది. చలికాలంలో కుంగుబాటు కలిగించే రుతుసంబంధ రుగ్మతను 1984లో నార్మన్ రోసెంతాల్ బృందం వర్ణించినప్పటినుంచి ఉదయపు వెలుతురు దానికి చికిత్సగా వాడుకలో ఉంది. పొద్దున్నే కాఫీ కప్పు పట్టుకుని గదిలో కాక బస్‌స్టాపు దాకా నడుస్తూ తాగడం ఖర్చులేని ఊరట.

ఆ కప్పు గురించి ఒక పిట్టకథ లాంటి పరిశోధన బాగా ప్రచారంలో ఉంది. చేతిలో వేడి కప్పు పట్టుకున్నవారు ఎదుటివారిని ఆత్మీయులుగా భావిస్తారని 2008లో ప్రచురితమైన ఈ ఫలితం, ఎక్కువమందితో మళ్లీ చేసిన పరీక్షల్లో నిలవలేదు. కాఫీలోని కెఫీన్ మాత్రం కథ కాదు. అది అలసటను తెలిపే అడినోసిన్ అణువుల స్థానాన్ని ఆక్రమించి మెలకువగా ఉంచుతుంది, సగం మోతాదు వదలడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది. రాత్రి 11.59 గడువుకు అసైన్‌మెంట్ అప్పగించడానికి తొమ్మిదింటికి తాగిన కాఫీలో సగం రెండు గంటలకు ఇంకా రక్తంలోనే ఉంటుంది. అర్ధరాత్రి పడకలో వరసగా వేళ్లతో జరుపుకుంటూ చూసే చిన్న వీడియోలది కూడా ఊరట వేషమే. తరువాత ఏం వస్తుందో తెలియకపోవడమే వాటి ఆకర్షణ, అలసిన విద్యార్థి శరీరానికి పగలంతా చాలినంత దొరికినదీ అదే. మొత్తం వినోదాన్ని తోసిపుచ్చనవసరం లేదు. ఇప్పటికే పదిసార్లు చూసిన పాత తెలుగు హాస్య సన్నివేశాన్ని పదకొండోసారి చూడటం, ఏ మాట తరువాత ఏ మాట వస్తుందో తెలిసి నవ్వడం వేరే కోవకు చెందినది.

ఈ ఊరటలకు హద్దు ఉంది. రుణ వాయిదా, లాటరీలో తగలని పేరు, మూతపడిన ఉద్యోగావకాశం వంటివి చారుతో తీరవు; వాటిని తట్టుకునే శరీరాన్ని మాత్రం చారు కొంత కాపాడగలదు. ఇష్టమైన పనుల మీద కూడా ఆసక్తి పోవడం, నిద్ర, ఆకలి చెడిపోవడం, నిరాశ రెండు వారాలకు మించి రోజూ వెంటాడటం కుంగుబాటు వ్యాధి లక్షణాలు, వాటికి వైద్యం కావాలి. అమెరికా విశ్వవిద్యాలయాల్లో చాలావాటికి విద్యార్థుల కోసం కౌన్సెలింగ్ కేంద్రాలున్నాయి, అక్కడ చెప్పినది గోప్యంగా ఉంటుంది. ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన వస్తే ఆ దేశమంతటా 2022 జూలై నుంచి పనిచేస్తున్న 988 నంబరుకు ఏ వేళనైనా ఫోను చేయవచ్చు. మానసిక వైద్యుణ్ణి కలిస్తే వీసాకు ముప్పు వస్తుందనో ఇంట్లో తెలిసిపోతుందనో భయపడి ఆగిపోవడం మన పిల్లల్లో కనిపించే అలవాటు. పెద్దలు ముందే ఒక మాట చెప్పి పంపితే ఆ భయం సగం తగ్గుతుంది.

ఊరట పొందడంతో పాటు ఇవ్వడమూ శరీరానికి మేలు చేస్తుందని చెప్పే ఒక ప్రయోగం లాస్ ఏంజలెస్‌లో జరిగింది. 2012లో ట్రిస్టెన్ ఇనగాకి, నయోమీ ఐసెన్‌బర్గర్ ప్రచురించిన ఆ అధ్యయనంలో, పక్కన ఉన్న ప్రియుడికి విద్యుత్ ఘాతం తగులుతున్నప్పుడు అతని చేయి పట్టుకుని ధైర్యమిచ్చిన యువతుల మెదడును స్కాన్ చేస్తే, ప్రతిఫలం దక్కినప్పుడు చురుకయ్యే భాగాలు చురుకయ్యాయి. తల్లులు పిల్లలను సాకేటప్పుడు పనిచేసే సెప్టల్ భాగం ఎంత చురుకుగా ఉంటే ఎమిగ్డలా అంత నెమ్మదించింది. ఆగస్టులో, జనవరిలో కొత్త విద్యార్థులు దిగినప్పుడు అద్దె కారు మాట్లాడుకుని విమానాశ్రయానికి వెళ్లేది, పరుపు దొరికేదాకా తమ గదిలో చోటిచ్చేది, సోషల్ సెక్యూరిటీ నంబరుకు ఎక్కడ వరుసలో నిలబడాలో చూపించేది, ఓవెన్‌లో దీపం వేసి పెరుగు తోడుపెట్టడం నేర్పేది రెండో ఏడు సీనియర్లే. సరిగ్గా అదే నెలల్లో వారి సొంత ఉద్యోగాన్వేషణ ఊపందుకుంటుంది, తిరస్కార మెయిళ్లూ అప్పుడే ఎక్కువగా వస్తాయి; అయినా వాట్సాప్ గ్రూపులో కొత్తవారి విమానం వేళ కనబడగానే ఎవరో ఒకరు తామే వెళ్తామని రాస్తారు.